నీలిగళ్ల తువ్వాల

లారీ వెనక్కి పోతోంది. ముందుకు మాత్రం పోవడం లేదు.

పందొమ్మిది రోజులు గేర్‌బాక్స్‌ని ముక్క ముక్కగా విప్పి, కడిగి, కాలిపోయిన ప్లేట్లు తీసేసి కొత్తవి వేసి, మళ్లీ బిగించి లారీకి ఎక్కించాక సారయ్యకు దక్కింది అది. రివర్స్‌లో వేస్తే బుద్ధిగా కదులుతుంది. ముందుకు వేస్తే ఇంజన్ అరుస్తుంది గానీ చక్రాలు ఆ మాట వినిపించుకోవు.

అది నీళ్ల లారీ. ఒకప్పుడు బొగ్గు గనిలో దుమ్ము అణచడానికి నీళ్లు చల్లేది. గనివాళ్లు వదిలించుకున్నాక పంచాయతీ తెచ్చుకుంది. ఊరవతల కొండమీద గుంపులనే చిన్న కోయ పల్లెలు మూడున్నాయి. ఎండాకాలం ముదిరేసరికి అక్కడి బోర్లన్నీ ఎండిపోతాయి. నిండు ట్యాంకుతో ఆ ఎత్తు ఎక్కగలిగింది ఈ ఒక్క బండే. అది ఆగిన రోజు నుంచి పైనున్న ఆడవాళ్లు మైళ్లకొద్దీ నడిచి, వాగు ఇసుకలో చెలమలు తవ్వి, గిన్నెతో తోడుకుంటున్నారు.

వాళ్లలో కుంజా లచ్చక్క అనే పెద్దామె కొండ దిగి వచ్చి సారయ్య ఇంటి అరుగుమీద కూర్చుంది. వెంట ఖాళీ బిందె తెచ్చుకుంది. లారీ వెనక్కి పోవడం, ఆగడం, మళ్లీ వెనక్కి పోవడం చాలాసేపు చూసింది.

"ఎనకకు మంచిగనే పోతున్నదిగా," అంది. "గట్లనే ఎనకకే రారాదా బిడ్డా, మా గుంపు దాక."

వీధిలో వాళ్లు నవ్వారు. సారయ్యకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. నలభై దాటిన మనిషి కాబట్టి ఏడవకుండా లారీ కిందికి దూరాడు.

ఆ బండికి క్లచ్ పెడల్ ఉండదు. ఎప్పుడు ఏ గేరు పడాలో డ్రైవర్ చెప్పనక్కరలేదు, లోపలి ఆయిలే చూసుకుంటుంది. గేర్‌బాక్స్ అడుగున వాల్వ్ బాడీ అని ఒక అల్యూమినియం దిమ్మె ఉంటుంది. దాన్నిండా వేలు పట్టనంత సన్నటి గల్లీలు, మలుపులు. మలుపు మలుపుకీ అటూ ఇటూ జారే చిన్న వాల్వులు. ఆయిల్ ఆ గల్లీల్లో తిరుగుతూ ఒక తలుపు తోస్తే ఒక గేరు పడుతుంది, ఇంకో తలుపు తోస్తే ఇంకోటి. కొత్తగా చూసినవాడికి అది యంత్రంలో ముక్కలా అనిపించదు. గుట్టమీంచి చూసిన పాత ఊరిలా ఉంటుంది.

ఆ ఊరి దారులు క్షుణ్ణంగా తెలిసినవాడు చుట్టుపక్కల మౌలాలి ఉస్తాద్ ఒక్కడే. ముప్ఫై ఏళ్లు గని డంపర్లకు గేర్‌బాక్సులు బాగుచేశాడు. ఇప్పుడు ఆయన కళ్లకు పొర కమ్మింది, చేతులు వణుకుతున్నాయి. కిందటి రంజాన్ వెళ్లాక షెడ్డుకు రావడం మానేసి, పదిహేనేళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న సారయ్యను పిలిచి, తన భుజంమీది నీలిగళ్ల తువ్వాల తీసి అతని భుజంమీద వేశాడు. మెకానిక్కుల్లో పని అప్పగించడమంటే అదే. "ఇగ నువ్వు చేస్కో," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు.

సారయ్య ఆ తువ్వాలను ప్రాణంలా చూసుకున్నాడు. భార్య స్వరూప ఉతుకుతానన్నా ఇవ్వలేదు. తానే ఉతికి, మడతల్లో కర్పూరం బిళ్లలు పెట్టి ట్రంకుపెట్టెలో దాచాడు. ఏళ్ల తరబడి వాడిన నూలు గుడ్డ కదా, పట్టుకుంటే చేతికి తెలియనంత పలచబడిపోయి ఉంది.

నీళ్ల లారీ చెడ్డప్పుడు దాన్ని బయటికి తీశాడు. ఆ ఊళ్లో గాలికి కూడా బొగ్గు రంగే. షెడ్డులో విప్పితే లోపలికి ధూళి పోతుందని లారీని ఇంటిముందు పెట్టించాడు. గొలుసు కప్పీతో గేర్‌బాక్స్ దించి, లోపలి గదిలోంచి మంచం బయటపడేసి, స్వరూప మూడుసార్లు తడిగుడ్డ పెట్టి తుడిచిన నేలమీద పనికి కూర్చున్నాడు. అంతా ఉస్తాద్ ఎలా చేస్తే అలాగే చేశాడు. కొత్త ప్లేట్లను ఆయిల్లో బాగా నాననిచ్చాడు. పని నడుమ ఉస్తాద్ కళ్లు మూసుకుని పెదవులు కదిపేవాడు. అల్లాను తలుచుకుంటున్నాడని షెడ్డులో అందరి నమ్మకం. సారయ్యకు ఆ మాటలు రావు కాబట్టి సమ్మక్క సారలమ్మల పేర్లు అనుకున్నాడు. ఆ తర్వాత ప్రతి ముక్కనూ డీజిల్లో కడిగి, తువ్వాలతో శుభ్రంగా తుడిచి, కళ్లకద్దుకుని బిగించాడు. ఉస్తాద్ హస్తవాసి ఆ ముక్కలోకి దిగాలని అతని ఆశ.

చివరికి లారీ వెనక్కి నడిచింది.

అడుగున ఆయిల్ చాంబర్ విప్పితే వాల్వ్ బాడీ ఒక్కటే చేతికొస్తుంది. విప్పాడు. కడిగాడు. ఈసారి ఇంకా శ్రద్ధగా, గల్లీ గల్లీలోకీ తువ్వాల కొస దూర్చి తుడిచాడు. మళ్లీ బిగించాడు. లారీ మళ్లీ వెనక్కే పోయింది.

"చాచాను పిలుద్దామా?" అంది స్వరూప.

"తువ్వాల ఏసిన మనిషి ఆయన. నాతోని కాలేదని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"కొండమీదోళ్లకు నీ మొఖం ఎందుకు? నీళ్లు గావాలె," అంది స్వరూప. సారయ్య మూడోసారి విప్పడానికి పోయాడు.

మిట్టమధ్యాహ్నమైంది. గది తలుపులు మూసి ఉన్నాయి. పైకప్పులో ఒకచోట పెంకుకు బదులు అద్దం బిగించి ఉంది. అందులోంచి దిగిన ఎండ చాపంత మేర నేలమీద పరుచుకుంది. మళ్లీ కడిగి తుడిచిన వాల్వ్ బాడీని ఆ ఎండలో పెట్టుకుని, దాని పక్కనే చల్లటి నేలమీద ఒరిగాడు. చెంప నేలకానించి చూస్తే గల్లీలు కంటికి సమానంగా వచ్చాయి. గోడలు వెండిలా మెరుస్తున్నాయి. చూస్తూ చూస్తూ ఎప్పుడు లోపలికి అడుగుపెట్టాడో అతనికి తెలియలేదు.

గల్లీలో చీలమండల దాకా ఎర్రటి ఆయిల్ పారుతోంది. వెచ్చగా ఉంది. ఎత్తుకు కూడా దానంతటదే ఎక్కిపోతోంది. సారయ్య నెత్తిమీద లచ్చక్క బిందె ఉంది. ఈ ఊరి చివరనుంచే కొండదారి మొదలవుతుందని ఎవరూ చెప్పకుండానే అతనికి తెలుసు. మనుషులెవరూ లేరు. చేత్తో తాకితే చాలు, తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకుంటున్నాయి. చాలా హాయిగా ఉంది. అలా ఎన్ని మలుపులు తిరిగాడో లెక్కలేదు.

ఒక మలుపులో ఎవరో దారికి అడ్డంగా పడుకుని ఉన్నారు. మొహంమీద నీలిగళ్ల తువ్వాల కప్పి ఉంది.

ఉస్తాదే. ఎలా లేపుతాడు? ఎలా దాటిపోతాడు? సారయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. ఆయిల్ మోకాళ్ల దాకా వచ్చింది. నడుము దాకా వచ్చింది. దూరంగా కొండమీద ఎవరో ఖాళీ గిన్నెలు కదుపుతున్నారు. సారయ్య జోడించిన చేతులు దించలేదు.

కళ్లు తెరిచేసరికి ఉస్తాద్ నిజంగానే గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది లచ్చక్క. ఆమె అలసిపోయి, బిందె పక్కన పెట్టుకుని అప్పటికే తలుపుకి చేరగిలబడింది.

సారయ్య గబగబా లేవబోయాడు.

"మెల్లగ," అన్నాడు ఉస్తాద్. "కడిగినవా?"

"మూడుసార్లు కడిగిన ఉస్తాద్."

"మళ్ల కడుగు."

సారయ్య డీజిల్ బేసిన్ దగ్గరికి లాక్కుని, వాల్వ్ బాడీని ముంచి కడిగాడు. పైకి తీశాడు. అతని చెయ్యి అలవాటుగా భుజంమీది తువ్వాల మీదికి పోయింది.

ఉస్తాద్ చెయ్యి చాపాడు. "అది నాకియ్యి."

ఇచ్చాడు. ఉస్తాద్ తువ్వాలను ఒళ్లో వేసుకుని, వాల్వ్ బాడీని తడుముకుంటూ ఎండలో ఒక రేకుముక్క మీద ఏటవాలుగా నిలబెట్టాడు. గోడకానుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదలడం మొదలైంది.

గదిలో ఇంక ఏమీ జరగలేదు. చుక్క జారింది. చాలాసేపటికి ఇంకో చుక్క. ఎండచాప నేలమీద బెత్తెడు జరిగింది, ఉస్తాద్ ఆ దిమ్మెనూ బెత్తెడు జరిపాడు. లచ్చక్క సన్నగా గురకపెడుతోంది. తాను మేలుకుని ఉన్నాడో, ఇంకా ఆ వెండి గోడల మధ్యే ఉన్నాడో సారయ్యకు సందేహం వచ్చింది. ఉస్తాద్ పెదవుల దగ్గరికి వంగి చెవి పెట్టాడు. పదిహేనేళ్లలో ఎప్పుడూ అంత ధైర్యం చేయలేదు.

"వంకాయలు... పచ్చిమిరపకాయలు... కొత్తిమీర కట్ట... పుదీన..."

"ఏం సదువుతున్నరు ఉస్తాద్?"

"బీబీ తెమ్మన్న సామాను," అన్నాడు ఉస్తాద్ కళ్లు తెరవకుండానే. "ఊకె కూసుంటె నిద్రొస్తది. ఆరేదాక కూసోవాలె గద."

చుక్కలు ఆగిపోయాయి. దిమ్మె పూర్తిగా ఆరింది. ఉస్తాద్ దాన్ని ఒళ్లోకి తీసుకుని ఇటు వంచాడు. ఒక వాల్వ్ తన బరువుకు తానే జారి టిక్కుమంది. అటు వంచాడు. ఇంకోటి జారింది. ఆయన చేతులు వణుకుతున్నాయి గానీ ఆ వణుకు ఇప్పుడు పనికొస్తున్నట్టే ఉంది. ఒక్కొక్కటీ జారుతోంది. ఒకచోట మాత్రం చప్పుడు రాలేదు. ఇంకొంచెం వంచాడు. రాలేదు.

ఆ వాల్వును నెమ్మదిగా బయటికి లాగి, చిటికెనవేలు గోరు ఆ సందులో పెట్టి తిప్పాడు. గోటికి వెంట్రుకంత పోగు ఒకటి తగులుకుని వచ్చింది. దాన్ని సారయ్య అరచేతిలో పెట్టాడు.

"నాకు కనపడదు బిడ్డా. ఏం రంగున్నది?"

సారయ్య చూశాడు. ఎండకెదురుగా పెట్టి చూశాడు. ఉస్తాద్ తొందరపెట్టలేదు. తువ్వాల ఆయన ఒళ్లోనే ఉంది.

"నీలం, ఉస్తాద్."

"ఊఁ," అన్నాడు ఉస్తాద్. దిమ్మెను అతని చేతికిచ్చి, తువ్వాల భుజాన వేసుకుని, కర్ర వెతుక్కుని లేచాడు.

సారయ్య ఆ పోగును చాలాసేపు అరచేతిలోనే ఉంచుకున్నాడు. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. పదిహేనేళ్ల మధ్యాహ్నాలు ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. వాటన్నిటిలోనూ తువ్వాల ఉస్తాద్ భుజంమీదే ఉంది. తర్వాత వాల్వులన్నీ తీసి, మొదటి నుంచీ కడిగి, ఎండలో పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మంచినీళ్లు తెచ్చిన స్వరూపకు అతని పెదవులు కదులుతుండడం కనిపించింది.

మర్నాడు పొద్దున చాంబర్ బిగించి, ఎర్రటి ఆయిల్ పోసి, స్టార్ట్ చేశాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. లివర్ ముందుకు వేశాడు. లారీ ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగింది. తర్వాత మెత్తగా, ఏ కుదుపూ లేకుండా ముందుకు కదిలింది.

ట్యాంకు నింపుకుని వచ్చేసరికి లచ్చక్క బిందెతో సహా క్యాబిన్లోకి ఎక్కి కూర్చుంది. అంత ట్యాంకు వెంట ఉండగా ఆ బిందె ఎందుకని ఎవరో అడిగితే, "మల్ల ఎనకకు పోతే?" అంది.

సందు మలుపులో ఉస్తాద్ తన ఇంటిముందు కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. బండి చప్పుడు వింటున్నాడు. తువ్వాల ఆయన భుజంమీదే ఉంది. సారయ్య లారీ ఆపి దిగి, ఎదురుగా పోయి నిలబడ్డాడు. మొహమంతా మసి, మెడమీంచి చెమట ధారలు.

"అది ఇగ మీ దగ్గర్నే ఉండనియ్యిండ్రి ఉస్తాద్," అన్నాడు. "నేను దానికి తగను."

ఉస్తాద్ భుజంమీంచి తువ్వాల తీశాడు. వణికే చేతులతో తడుముకుంటూ సారయ్య నుదురు తుడిచాడు. చెంపలు తుడిచాడు. పిల్లవాడికి స్నానం చేయించి తుడిచినట్టు మెడ, చెవుల వెనక అంతా తుడిచాడు. నీలిగళ్లన్నీ నల్లబడిపోయాయి. దాన్ని తీసి మళ్లీ అతని భుజంమీద వేశాడు.

"ఇది శెమటకు, బిడ్డా."