సెన్సేగారి అక్క ఫోను

మా సెన్సేగారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. అడిగినవాళ్లకు అప్పటికప్పుడు ఏదో ఒక పని అప్పజెబుతారు. జపాను భాషలో సెన్సే అంటేనే గురువుగారు, దానికి మళ్లీ ఈ 'గారు' ఎందుకని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పెద్దావిణ్ణి ఒట్టి సెన్సే అని పిలవడానికి నాకు నోరు రాదు. ఆవిడ పేరు వసుంధర. కోబే పట్నంలో చాలాకాలం కాపురం చేసి వచ్చి, విశాఖ పెదవాల్తేరులో మేడమీద గదిలో మాకు పాఠాలు చెబుతున్నారు. తొట్లకొండ బౌద్ధారామం చూడటానికొచ్చే జపాను యాత్రికులకు గైడుగా తిరిగి బతికేవాణ్ణి కనుక నేనూ అక్కడ చేరాను.

మాలో ప్రణవి అందరికంటే చురుకు. ఇంటి భాష తెలుగే గానీ, ఊహ తెలిసినప్పటినుంచీ ఊటీలో హాస్టల్ చదువు. ఆ పిల్ల ఆలోచనంతా ఇంగ్లీషులోనే. జపాను వాక్యం కూడా మనలాగే క్రియను చివర పెట్టుకుని నడుస్తుంది, తెలుగులోంచి తిన్నగా పోవచ్చు కదమ్మా అంటే వినదు. ఇంగ్లీషులోకి వెళ్లి, అక్కణ్ణుంచి తలకిందులుగా జపానులోకి వస్తుంది. అయినా పట్టు వదల్లేదు. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ ఉన్న అగేరు, కురేరు, మొరావు అనే మాటలు ఇప్పటికీ నా బుర్ర తినేస్తుంటాయి. తనేమో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది.

అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. అచ్యుతాపురం దగ్గర ఒక జపాను కంపెనీలో దుబాసీ ఉద్యోగం ఖాళీగా ఉంది. దానికోసమే బ్యాంకులో పని మానేసి, నాన్నచేత చీవాట్లు తిని మరీ చదివింది. అంతకు ముందు వారం ఆ కంపెనీ జపాను మేనేజరు ఫోనులో మాట్లాడి, ఈ అమ్మాయికి మన మాట అర్థమవుతున్నట్టు లేదని తేల్చేశాడట. బతిమాలితే ఈ సాయంత్రం ఇంకొక్కసారి మాట్లాడతానన్నాడు. అదీ పోతే ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిపోతుంది.

"సెన్సేగారూ, ఆయన అన్న ప్రతి మాటా నాకు అర్థమైంది. వ్యాకరణంలో ఒక్క తప్పు చెయ్యలేదు. మరి నాకు రాదని ఎలా అన్నాడు?" అంది ప్రణవి.

ఇంతలో సెన్సేగారి ఫోను మోగింది. కాకినాడ నుంచి వాళ్లక్క సుందరమ్మగారు. రోజూ ఆ వేళకి చేస్తారు, మొదలుపెడితే ఓ పట్టాన వదలరు. "పప్పు పొయ్యి మీదుంది. మా అక్క ఏం చెబుతుందో కాస్త విని పెట్టు," అని సెన్సేగారు ఫోను ప్రణవి చేతిలో పెట్టి లోపలికి వెళ్లారు.

సుందరమ్మగారి గొంతు గదంతా వినబడుతుంది. మేడమీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు కోతులు ఎత్తుకుపోయిన వైనం మొదలుపెట్టారు. ప్రణవి కిక్కురుమనకుండా, ఎంతో శ్రద్ధగా వింటోంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదని హాస్టల్లో నేర్పిన మర్యాద మరి. కాసేపటికి అవతలనుంచి, "ఏవమ్మా, ఉన్నావా?" అని వినబడింది. ఉన్నానండీ అంది ప్రణవి. కోతులు మళ్లీ గోడెక్కాయి. మళ్లీ ఆగి, లైను కట్టయిందేమోనని హలో హలో అన్నారు. కథ మళ్లీ మొదటికొచ్చింది. ఆఖరికి పెద్దావిడకి కోపమొచ్చింది.

"వినడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు తల్లీ, నాకేం బలవంతం లేదు."

ప్రణవి బిక్కమొహం వేసింది. సెన్సేగారు గబగబా వచ్చి ఫోను అందుకున్నారు. ఊఁ అన్నారు. ఆఁ అన్నారు. అయ్యయ్యో అన్నారు. చాటతో సహానా అని ముక్కున వేలేసుకున్నారు. అవతల గొంతు హుషారెక్కింది. కోతులు చాటని పక్కింటి మేడమీద బోర్లించి దానిమీద కూర్చున్నాయట. అక్కాచెల్లెళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. అంతసేపట్లో మా సెన్సేగారు ఒక్క పూర్తి వాక్యం మాట్లాడితే ఒట్టు.

ప్రణవి చటుక్కున లేచి నిలబడింది. "ఆయన కూడా మాటిమాటికీ మొషిమొషి అన్నాడండీ. అచ్చం మీ అక్కగారి హలో హలో లాగే. నేను ఫోను బాగాలేదేమో అనుకున్నాను."

"ఇవాళ పాఠం లేదు," అన్నారు సెన్సేగారు. "మా అక్కకి నువ్వే ఫోను చెయ్యి. సాయంత్రం దాకా ఆవిడ చెప్పేవన్నీ విను."

సుందరమ్మగారికి అంత మంచి రోజు ఈ మధ్య దొరికి ఉండదు.

చీకటి పడుతుండగా ప్రణవి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. సెన్సేగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆ పిల్ల ఊపిరి తిప్పుకోకుండా మొదలుపెట్టింది. మేనేజరు పనిగురించి అడిగి, దానిమీదనుంచి వాళ్ల ఊళ్లో కురిసే మంచు గురించీ, వాళ్లమ్మ పెట్టే ముల్లంగి ఊరగాయ గురించీ చెప్పుకుపోయాడట. తను మన ఊఁ, అవునా లాగా వాళ్ల పద్ధతిలో హై అంటూ, సో దెస్ నే అంటూ విందట. ఒకచోట కురేరు అనాల్సింది అగేరు అనేస్తే, ఆయన నవ్వి, దిద్ది, మళ్లీ కథలో పడ్డాడట. సోమవారం వచ్చి చేరమన్నాడట. ఊఁ అన్నారు సెన్సేగారు. ఓహో అన్నారు. అబ్బో అన్నారు. నాకైతే సంతోషంతో కళ్లు చెమర్చాయి.

అంతా చెప్పేసి ప్రణవి ఆవిడ పక్కన చతికిలబడింది. "నేనింత చెప్పాను, మీరొక్క మాటైనా అనరేం సెన్సేగారూ?"

ఆవిడ కాయల మీదనుంచి తల ఎత్తారు.

"ఇంతసేపూ అంటూనే ఉన్నాను కదమ్మా."