ఆఖరి బూరె

చిద్విలాసస్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు పద, భోజనం చేద్దాం అనేవారు. ఆశ్రమానికి కొత్తగా వచ్చినవాళ్లు ఆయన మాట దాటేస్తున్నారనుకునేవారు. పాతవాళ్లు మాత్రం ప్రశ్న అడిగినవాడి వంక జాలిగా చూసేవారు.

ఆ ద్వాదశి నాడు అడిగినవాడు సుధన్వ, ఆశ్రమంలో కంప్యూటర్ పనులన్నీ చూసుకునే శిష్యుడు. కొండ పల్లెలకు తిరిగే కంటి వైద్యం బండి ఇంజను పాడై మూలపడింది. దాన్ని మళ్లీ కదిలించాలని, భక్తులిచ్చిన వస్తువులను అతను ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టాడు. ఒక పెద్దావిడ తన వీణనే ఇచ్చేసింది. వేలం ఆ సాయంత్రంతో ముగుస్తుంది. పోయినేడు ఇలాంటి వేలంలోనే అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన, చివరిదాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, గడువు ముగిసే ఆఖరి క్షణంలో ఒక్క రూపాయి పెంచి నిలువెత్తు ఇత్తడి దీపాన్ని కారుచౌకగా కొట్టేశాడు. మిగిలినవాళ్లు లబోదిబోమన్నారు. వీణ కూడా అలాగే పోతే బండి ఇక మూలనుంచి లేవదు. గడువు కాస్త పొడిగిద్దామని తోటివాళ్లు ఎంత చెప్పినా సుధన్వది ఒకటే పట్టు.

"గడువంటే గడువే కదా స్వామీ. కాచుకుని కూచోవడం ఆయన తెలివి. దానికి భయపడి గడువు పొడిగిస్తే నియమానికి విలువేముంటుంది?"

పద, భోజనం చేద్దాం అన్నారు స్వామి.

అక్కడ అందరిదీ ఒకే పంక్తి. స్వామి ఆఖర్న అరచేతిలో నీళ్లు పోసుకుని ఉత్తరాపోశనం పట్టారంటే ఇక వడ్డన లేదు, ఎవరూ ఏదీ అడగకూడదు. ద్వాదశికి బూరెలు వండుతారు. బూరెల విషయంలో సుధన్వకు ఒక పద్ధతి ఉంది. వడ్డన సాగినంతసేపూ తనకింకేమీ అక్కర్లేదన్నట్టు తల వంచుకుని పెరుగన్నం కలుపుతూ ఉంటాడు. స్వామి చెయ్యి నీళ్ల చెంబు మీద పడగానే, మిగిలిన బూరె ఇటు వెయ్యమంటాడు. ఇంకొకరు నోరు తెరిచేలోగా స్వామి నీళ్లు పుచ్చుకోవడం, అందరూ లేవడం అయిపోతాయి. దాన్ని తెలివి అని అతనెన్నడూ అనుకోలేదు పాపం, ఆకలి అనుకునేవాడు.

ఆ రోజూ చెంబు కదిలింది, సుధన్వ అడిగాడు. నడుం నొప్పితో వంగి నడిచే వంటావిడ అప్పాయమ్మ, గిన్నెలో మిగిలిన ఒక్క బూరెనూ చేతిలోకి తీసుకుంది. స్వామి చెంబు కింద పెట్టేశారు.

"తొందరేం లేదు. ఇంకెవరికైనా కావాలా?"

పంక్తి పొడుగునా చేతులు లేచాయి. ఇంతమందికి ఆ బూరె మీద కన్నుందని సుధన్వకు ఇన్నాళ్లూ తెలియదు. ఉన్నది ఒక్కటే గనక, అప్పాయమ్మ పని ఎవరు ఎక్కువ పంచుకుంటే వారిదేనని స్వామి తేల్చారు. ప్లీడరు త్రినాథరావు విస్తళ్లు ఎత్తుతానన్నాడు. సుధన్వ విస్తళ్లెత్తి గరిటెలు కూడా తోముతానన్నాడు. పాట పెరిగినప్పుడల్లా స్వామి చెయ్యి చెంబు దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. త్రినాథరావు వంటిల్లంతా కడుగుతానన్నాడు. సుధన్వకు ఒళ్లు మండింది. అసలు బూరె సంగతే మరిచిపోయాడు, అది త్రినాథరావుకు మాత్రం దక్కకూడదు, అంతే. మళ్లీ ద్వాదశి దాకా రెండు పూటలా గుండిగలన్నీ తనే తోముతానని గట్టిగా అనేశాడు. స్వామి పంక్తిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు. ఇంకెవరూ పాట పెంచలేదు. బూరె సుధన్వ విస్తట్లో పడ్డాక నింపాదిగా నీళ్లు పుచ్చుకున్నారు.

చల్లారిన బూరె రెండు గుటకల్లో అయిపోయింది.

మధ్యాహ్నం సుధన్వ మోచేతుల దాకా మసి పూసుకుని పప్పు గుండిగతో కుస్తీ పడుతున్నాడు. అప్పాయమ్మ వంటింటి అరుగు మీద నడుం వాల్చి, ఎన్నాళ్లకో పట్టపగలు గురక పెడుతోంది. ఆ గురక వింటుంటే అతనికి ఎందుకో సిగ్గేసింది. ఇంతలో స్వామి అటుగా వచ్చి నిలబడ్డారు. ఆఖర్న ఎవరు పాట పెంచినా గడువు కాస్త జరిగేలా, ఇంకెవరూ పెంచనప్పుడే వేలం ముగిసేలా మారుస్తానని, ఆ మాట అందరికీ ముందుగానే తెలియజేస్తానని సుధన్వ తల ఎత్తకుండానే చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ బెల్లం వ్యాపారి అంత దీపాన్నీ ఊరికే పట్టుకుపోయాడని ఒకసారి పళ్లు నూరాడు.

"ఆయన సంగతి సరే," అన్నారు స్వామి. "ఇన్ని ద్వాదశులూ నువ్వు తిన్న బూరెలకి గుండిగలు ఎవరు తోమారు నాయనా?"