పాలిపోయిన తామర రేకు

ఒకానొక రాజ్యంలో, కృష్ణమ్మకు ఆవలిగట్టున, దిల్దార్ ఖాన్ అనే నవాబు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే తన కన్నును మించిన కన్ను లేదని గట్టి నమ్మకం.

కొత్త మసీదు పడమటి గోడకు ఇరాను తీగలు, తురుష్కుల రూము దేశపు తులిప్ పూలు, మొరాకో నక్షత్రాలు అన్నీ ఒక్కచోటే ఉండాలని పట్టుబట్టి, రంగుపలకల పనివాడు లతీఫ్ సాహెబు చేత మట్టి పలకల మీద వేయించాడు. అందరూ అటు తిరిగి నమాజు చేసే గోడ, ప్రాణి బొమ్మ ఉండకూడని గోడ అది. పూలకీ గీతలకీ మాత్రమే ప్రాణం పోయాలి.

అన్నీ వేశాక లతీఫ్ సాహెబు ఆఖరి పలక మీద మన చెరువుల్లో పూసే తామర వేశాడు. అప్పటికే జ్వరం. చేయి వణికి, రంగు పలచగా పడి ఒక రేకు పాలిపోయింది. పలక బట్టీలో కాలుతుండగానే ఆయన కన్నుమూశాడు, అల్లా ఆయన్ను కరుణించుగాక. రంగులు నూరిన చేతులతోనే భార్య జులేఖాబీ దాన్ని గోడకెక్కించింది.

ఆర్నెల్లకు నవాబు ఆమెను దర్బారుకు పిలిపించాడు. ఆ రేకు తన గోడకు మచ్చ అనీ, పలక పగలగొట్టి కొత్తది పెట్టాలనీ చెప్పాడు.

జులేఖాబీకి ఆ పలక కళ్లలో మెదిలింది. గోడంతా భర్త చేసిందే. కానీ ఆయన ఆఖరి వణుకు ఉన్నది ఆ ఒక్క పలకలోనే. కొంగు సర్దుకుని మెల్లగా అంది.

"అలాగే హుజూర్. మసీదు గోడ మీద చెయ్యి వేయాలంటే ఖాజీగారి కాగితం కావాలి కదా. తప్పు చూసినవారు ఎప్పుడు, ఎక్కడ నిలబడి చూశారో అందులో రాయాలి. ఏమని రాయించమంటారు?"

"శుక్రవారం నమాజులో, మొదటి వరసలో నిలబడి. ఊరంతా ఉంది, ఒక్కడికైనా కనబడిందా?"

"వాళ్లకెలా కనబడుతుంది హుజూర్? నమాజులో చూపు నుదురు ఆనించి సజ్దా చేసే చోట, నేల మీదే ఉంటుంది. ఆ పలక మనిషి తలకు పైన ఉంది. తమరు సెలవిచ్చినట్టే రాయించమంటారా?"

దర్బారులోనే ఉన్న ఖాజీగారు గడ్డం నిమురుకుంటూ నేలకేసి చూశారు. నవాబు మొహం కందిపోయింది. అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వద్దు తల్లీ. ఆ కాగితం రాస్తే ఊడేది పలక కాదు, నా పరువు."

శాలువా కప్పించి, ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆ గోడ తుడిచే పని ఇప్పించమంది.

ప్రతి గురువారం నిచ్చెన వేసుకుని గోడంతా తడిబట్టతో తుడిచేదట. కాల్చిన రంగు ఎంత తుడిచినా పోదని ఆమెకు తెలుసు. అయినా ఆ రేకు దగ్గరికి వచ్చేసరికి బట్ట పక్కన పెట్టి, కొంగుతో మెల్లగా అద్దేది, జ్వరంతో ఉన్న మనిషి నుదురు అద్దినట్టు.