మూత లేకుండా తీసిన కొలత

చర్లపల్లిలో సెల్ టవర్లకు యాంటెన్నాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో కుముద అనే ఇంజనీరు ఉండేది. తెలిసిన మాటను గొంతులోనే ఆపుకోవడం ఆమెకున్న జబ్బు. డిజైన్ విభాగంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. "మా కుముద ఉన్నట్టే తెలియదు" అని పెద్ద ఇంజనీరు వేదాచలం నలుగురి ముందూ మెచ్చుకునేవాడు. ఆమె అది పొగడ్తే అనుకునేది. మధ్యాహ్నం మగవాళ్ళంతా కలిసి భోజనానికి వెళ్ళేవాళ్ళు. ఆమె కంప్యూటరు ముందే డబ్బా విప్పుకుని తినేది.

మూడేళ్ళు కష్టపడి ఆమె ఒక కొత్త యాంటెన్నా తయారుచేసింది. అది టవరు ఏ ఫోన్ కంపెనీదో ఆ కంపెనీ సిగ్నల్‌ను మాత్రమే రానిచ్చి, పక్క కంపెనీల సిగ్నళ్ళను గడప దగ్గరే ఆపేస్తుంది. సిగ్నళ్ళను వడగట్టడానికి విడిగా ఫిల్టరు అక్కర్లేదు. ముందు ఒక కొండమీది టవరుకు కట్టి చూస్తామనీ, పనిచేస్తే ఆమెనే విభాగానికి పెద్దను చేస్తామనీ యజమానులు అన్నారు.

కొలతలు తీసే రోజు వచ్చింది. వానకు తడవకుండా యాంటెన్నాకు తొడిగే ప్లాస్టిక్ మూత మాత్రం రాలేదు.

"మూత లేకుండానే కొలిచేయండి. వట్టి ప్లాస్టిక్కే కదా," అన్నాడు వేదాచలం.

మూత తొడిగితే యాంటెన్నా పట్టే ఫ్రీక్వెన్సీ కాస్త కిందికి జారుతుందని కుముదకు తెలుసు. మామూలు యాంటెన్నా అయితే సర్దుకుంటుంది. ఇంత బిగువుగా వడగట్టేది సర్దుకోదు.

"ఏమ్మా, ఏదో అనబోయినట్టున్నావు?"

"ఏం లేదు సర్."

"అదీ. మా ఇంట్లోనూ నీలాంటిది ఉంటే ఎంత హాయిగా ఉండేదో," అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మూత నేరుగా కొండకే వెళ్ళింది. దాన్ని తొడిగి పైకెక్కించాక, యాంటెన్నా సొంత సిగ్నల్‌ను సగం ఆపేసి పక్కవాళ్ళదాన్ని లోపలికి రానిచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఫోన్లు కలవలేదు. సంస్థ ఆ డిజైన్‌నే పక్కన పడేసింది.

"మూత సంగతి నీకు తెలియదా?" అని అడిగాడు వేదాచలం.

"తెలుసు సర్."

"మరి చెప్పొద్దూ? నోరెందుకుందమ్మా?"

నివేదికలో తప్పంతా ఆమె పేరు మీద రాశారు. మూడేళ్ళలో ఆ సంస్థ కాగితాల్లో ఆమె పేరు కనబడటం అదే మొదటిసారి.

కుముద కొలతల గదిలోకి వెళ్ళి, కొండ నుంచి తిరిగొచ్చిన యాంటెన్నాను మూతతో సహా కొలిచింది. ఫ్రీక్వెన్సీ సరిగ్గా తను అనుకున్నంతే జారింది. చూపించడానికి గదిలో ఎవరూ లేరు. అంకె ఒక కాగితం మీద రాసుకుంది.

అణకువగల పిల్ల అనిపించుకోవడానికి తెలిసిన నిజాన్ని మింగితే, నింద మనకే మిగులుతుంది, పక్కన మనిషి మిగలడు. కాబట్టి ఎవరు నవ్వినా సరే, తెలిసింది చెప్పాల్సిన వేళకే చెప్పాలి.