తుమ్ముకొక పతకం

అనగనగా ఒక ఊళ్ళో... అబ్బే, ఊరు కాదురా బుజ్జీ, సముద్రం అవతల పెద్ద పట్నం. ఇప్పటి రంగూనే, అప్పట్లో రంగం అనేవాళ్ళు. మనవాళ్ళు బోలెడుమంది ఓడెక్కి అక్కడికి కూలికి పోయేవాళ్ళు. కళ్ళు మూసుకో, ఊఁ మాత్రం కొట్టాలి.

ఆ పట్నంలో గవరయ్య అని ఒక సిపాయి. మన కళింగపట్నం వైపువాడే. గుబురు మీసాలు, తాడిచెట్టంత మనిషి. పాముకి భయపడడు, తుపాకీకి భయపడడు. తుమ్ముకి మాత్రం హడల్! బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మారో, ఎక్కడున్నవాడు అక్కడే చతికిలబడి, గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపాగి గానీ లేవడు. మరి తను ముక్కుపొడుం పీల్చడా అంటే, డబ్బీ ఎప్పుడూ జేబులోనే! తన తుమ్ములు లెక్కలోకి రావట.

తోటి సిపాయి సింహాచలానికి ఇదే పండగ. కవాతుకి కదలగానే వెనకనుంచి 'హాచ్' అనేవాడు. గవరయ్య టక్కున కూర్చునేవాడు. ఇద్దరికీ హవల్దారు చేత అక్షింతలు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. విమానాలొచ్చి బాంబులు వేశాయి. మొదట బియ్యం మిల్లు కూలింది. గవరయ్య పొగలోకి దూరి మనుషుల్ని భుజాన వేసుకొచ్చాడు. పటాలం తెల్లదొర ఒక పతకం ఇచ్చాడు. ఇంకోరోజు ఆసుపత్రి కూలింది. రోగుల్ని మంచాలతో సహా మోసుకొచ్చాడు. ఇంకో పతకం.

ఆ తర్వాత మన కూలీలుండే మేడ కూలింది. అక్కడ పైడమ్మ అనే తల్లి ఉత్త చేతుల్తో రాళ్ళు తోడేస్తోంది. "నా కూతురు బంగారి లోపలే ఉంది నాయనా!" అని ఒకటే ఏడుపు.

సిపాయిలు పిలిచారు. పలుకు లేదు. మళ్ళీ పిలిచారు. ఊహూఁ. మిగిలిన గోడ ఒకటి పక్కకి వాలుతోంది.

"ఇంకెవరూ లేరు. అది మన మీద పడేలోపు నడవండి" అన్నాడు హవల్దారు.

పైడమ్మని బలవంతాన లేవదీశారు. గవరయ్య కళ్ళు తుడుచుకుని అడుగు వేశాడు. అప్పుడు...

'హాచ్చి!'

గవరయ్య టక్కున కూర్చున్నాడు.

"ఒరే సింహాచలం! ఇప్పుడా నీ వేళాకోళం?" హవల్దారు మండిపడ్డాడు.

"అమ్మతోడు, నేను కాదండీ!"

"మరెవడు?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పైడమ్మ కేక పెట్టింది. "నా బంగారి తుమ్మిందయ్యా!"

"చిరంజీవ!" అని రాళ్ళలోకి అరిచాడు గవరయ్య. చిన్నపిల్ల తుమ్మితే అనొద్దూ మరి?

కానీ ఎక్కడని తవ్వడం? కొండంత గుట్ట. పాపం, పిల్లకి నోరు ఎండిపోయి మాట రావడం లేదు. అప్పుడు గవరయ్య పొడుం డబ్బీ తీశాడు. ఒక సందులోకి చిటికెడు పొడుం ఉఫ్‌మని ఊదాడు. ఏం లేదు. ఇంకో సందులో ఊదాడు. ఏం లేదు. డబ్బీ అడుగున మిగిలిందంతా గీకి మూడో సందులో ఊదాడు.

'హా... హా... హాచ్చి!'

అంతే, అందరూ అక్కడే తవ్వారు. గవరయ్య దూలాన్ని వీపు మీద ఎత్తిపట్టాడు. సింహాచలం కిందికి పాకి పిల్లని లాగేశాడు. అందరూ పరిగెత్తారు, వెనకాలే గోడ ఢామ్మని కూలింది. సున్నం దుమ్ములో తెల్లగా, పిండిబొమ్మలా ఉన్న బంగారి వాళ్ళమ్మ మెడ పట్టుకుని ఇంకా తుమ్ముతూనే ఉంది.

ఆ తర్వాత దొర మూడో పతకం తెచ్చాడు. గవరయ్య దాన్ని దారానికి కట్టి బంగారి మెడలో వేశాడు. "నేనేం చేశానండీ, కూర్చున్నాను. తుమ్మింది ఈ పిల్ల" అన్నాడు.

మరి తుమ్ముకి భయపడ్డం మానేశాడా? ఎక్కడిది! ఇంకా ఎక్కువసేపు కూర్చునేవాడు. ఎవరైనా పిలుస్తున్నారేమోనని చెవులు రిక్కించుకుని.

ఆ బంగారే పెద్దదై మా అమ్మయింది. అందుకే మనింట్లో తుమ్మితే ఎవరూ కసరరు.

కథ బయల్దేరింది కంచికి,
నిద్ర వస్తోంది మంచానికి,
గడప దాటనీ కథని,
తుమ్మి ఆపకు దాన్ని...

ఏయ్! ఎవరది? దొంగ తుమ్ము! కథ వెళ్ళకూడదనే కదూ?

సర్లే, చిరంజీవ. కథని కాసేపు కూర్చోమందాం. నువ్వు మాత్రం పడుకో.