కుజుడూ గవరమ్మ గానుగా

నీలాద్రిపురం సంస్థానంలో ఉమాపతి సిద్ధాంతి అనే మహా పండితుడు ఉండేవాడు గాని, బుద్ధెరిగిన నాటి నుంచి ఆయన నోట ‘తెలియదు’ అనే మాట ఒక్కసారీ వెలువడలేదు. ఆయన చదివిన తాటాకులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే కోట బురుజు కన్నా ఓ మూర ఎత్తుండేవి. గ్రహణం ఫలానా వేళకని ఆయన చెప్పాడంటే, సూర్యచంద్రులు విస్తరి ముందున్నా చెయ్యి కడుక్కుని ఆ వేళకు వచ్చి నిలబడేవాళ్లు. అంతటివాడు. కానీ ఎవరేం అడిగినా, తెలిస్తే తెలిసింది చెప్పేవాడు, తెలియకపోతే అప్పటికప్పుడు అల్లి చెప్పేవాడు. చీమలు వరసగా ఎందుకు నడుస్తాయని ఒకసారి పక్కింటి పిల్ల అడిగితే, ముందున్న చీమకు పెళ్లని, వెనకవన్నీ మేళగాళ్లని చెప్పాడు. ఆ పిల్ల సన్నాయి వినబడుతుందేమోనని మూడు రోజులు నేలకు చెవి ఆనించి పడుకుంది.

ఆ సంస్థానాన్ని చెల్లాయమ్మ అనే రాణి ఏలేది. రాత్రి భోజనమయ్యాక మేడ మీద వంద అడుగులు నడవడం, నడుస్తూ చుక్కలు చూడడం ఆమెకు అలవాటు. ఒకనాటి ఉదయం నిండు సభలో ఆమె సిద్ధాంతిని పిలిచింది.

“సిద్ధాంతిగారూ, నిప్పుకణికలా ఎర్రగా ఉంటాడే కుజుడు, ఆయన సంగతి నాకు అంతుబట్టడం లేదు. చుక్కల మధ్య నుంచి రోజూ కాస్త కాస్త తూర్పుకు జరిగేవాడు. మఖ నక్షత్రాన్ని దాటి పోయాడు కూడా. ఇప్పుడు చూస్తే వచ్చిన దారినే మళ్లీ మఖ వైపు వెనక్కి నడుస్తున్నాడు. ఎందుకంటారు?” అంది.

ఆ వెనకనడకను వక్రగతి అంటారని సిద్ధాంతికి తెలుసు. అది ఎన్నాళ్లుంటుందో తాటాకుల్లో లెక్క ఉంది. ఇంకా యాభై రోజులకు కుజుడు ముందుకు తిరుగుతాడని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలడు. కానీ ఎందుకు వెనక్కి నడుస్తాడో ఏ తాటాకులోనూ లేదు. చక్రం మీద చక్రం, దాని మీద ఇంకో చక్రం గీసి పెద్దలు లెక్క కుదిర్చారే గాని, కారణం చెప్పలేదు. ఆ ముక్కే అనేస్తే పోయేది. కానీ సభలో రెండు వందల మంది ఆయన నోటి వైపే చూస్తున్నారు. ‘తెలియదు’ అనే మాట గొంతు దాకా వచ్చి, అక్కడ చేపముల్లులా అడ్డం పడింది.

సరిగ్గా అప్పుడే కోటగోడ అవతల గవరమ్మ నూనె గానుగ కిర్రు కిర్రుమంది.

“ఆ గానుగే కారణం,” అన్నాడు సిద్ధాంతి.

“గానుగా?” అంది రాణి.

“అవునండీ. కింద అది గిరగిరా తిరుగుతుంటే పైన కుజుడికి కళ్లు తిరుగుతున్నాయి. పాపం, దారి తెలియక వెనక్కి నడుస్తున్నాడు. గానుగ ఆపించండి. యాభయ్యో రోజున ఆయన ముందుకు తిరగకపోతే నన్నడగండి.”

గ్రహణాలు తప్పకుండా చెప్పే మనిషి మాటను రాణి ఎందుకు కాదంటుంది? ఆ మధ్యాహ్నమే గానుగ ఆగిపోయింది.

వారం తిరిగేసరికి ఊళ్లో నూనె చుక్క కరువైంది. తలలు తాటిపీచులయ్యాయి. ఒక్క దువ్వెనకైనా పళ్లు మిగల్లేదు. నూనె లేని తలుపులు అరిచే అరుపులకు కుక్కలు జడిసి పొరుగూరికి కాపురం మార్చేశాయి. పైగా ఆవకాయల రోజులు దగ్గర పడ్డాయి.

“ఏమండీ, మామిడికాయలు దిగుతున్నాయి. ఈ ఏడు ఆవకాయ నీళ్లతో కలపమంటారా?” అని అడిగింది సిద్ధాంతి భార్య కామేశ్వరమ్మ.

“ఆకాశంలో కుజుడు దారి తప్పితే నీకు జాడీ ముఖ్యమా?” అన్నాడు సిద్ధాంతి.

“కుజుడు అన్నంలోకి రాడు కదండీ,” అని ఆమె చప్పిడి పప్పు వడ్డించి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే గవరమ్మ తన గానుగెద్దు పుల్లన్నను వెంటబెట్టుకుని సిద్ధాంతి అరుగు ముందుకు వచ్చింది. ఆమెకు మొగుడూ పిల్లలూ లేరు. ఉన్నది ఆ గానుగ, ఆ ఎద్దు.

“బాబూ, ఈ గానుగ మా తాత నాటిది,” అంది గవరమ్మ. “ఆ నాటి నుంచీ తిరుగుతూనే ఉంది. ఇన్నాళ్లూ తిన్నగా నడిచిన కుజుడికి ఈ నెలలోనే కళ్లు ఎందుకు తిరిగాయి?”

“గ్రహాల సంగతి నీకు తెలియదు గవరమ్మా.”

“తెలియదు బాబూ. అందుకే కదా అడుగుతున్నాను.”

ఎంత సులువుగా అనేసింది. ఆమె నాలుక ఊడి కింద పడలేదు. ఆకాశం విరిగి నెత్తిన పడలేదు. సిద్ధాంతికి కాస్త అసూయ కలిగింది గాని, పంచాంగంలో తల దూర్చాడు.

“ఎద్దుకు గడ్డి కోసం ఇత్తడి బిందె అమ్మాను,” అంది గవరమ్మ. “యాభై రోజులైతే ఎలాగో ఈదుతాను. ఆ తరవాత మాత్రం నా గానుగ నాకు తిరగాలి.”

“తిరుగుతుందిలే,” అన్నాడాయన. నిజంగానే అలా అనుకున్నాడు. కుజుడు తిరుగుతాడు, గానుగా తిరుగుతుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు అనుకున్నాడు.

యాభై రోజులు గడిచాయి. తాటాకు లెక్క తప్పలేదు. కుజుడు ఆగాడు, మెల్లగా ముందుకు కదిలాడు. రాణి మేడ మీద నుంచి కళ్లారా చూసి మర్నాడే సభ పిలిపించింది. పళ్లెంలో గండపెండేరం మెరుస్తోంది. అది కాలికి తొడిగితే ఆ సంస్థానంలో అంతకు మించిన పండితుడు లేడని లెక్క. దాని బంగారం మెరుపుకు ముందు వరస పండితులు కళ్లకు ఉత్తరీయాలు అడ్డం పెట్టుకున్నారు.

“మీ మాట అక్షరాలా నిజమైంది సిద్ధాంతిగారూ,” అంది రాణి. “కాలు చాపండి. ఆ గానుగను ఈ రోజే పగలగొట్టిస్తాను. ఎద్దును సంతకు తోలిస్తాను. కుజుడికి ఇంకెప్పుడూ కళ్లు తిరగకూడదు.”

అప్పటికే ఇద్దరు మనుషులు గొడ్డళ్లు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ల పక్కన గవరమ్మ ఉంది. ఆమె ఏడవలేదు.

“రోలు రాతిదమ్మా, గొడ్డళ్లు మొండిబోతాయి. రోకలి వరకూ కొట్టించండి,” అంది.

సిద్ధాంతి కాలు చాపాడు. గండపెండేరం మడమ దాకా వచ్చింది. ఊరుకుంటే చాలు, నోరు విప్పక్కర్లేదు, అబద్ధం తనంతట తానే నిజమై కూర్చుంది. కానీ గొడ్డళ్ల వైపు చూడకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. చాపిన కాలు వెనక్కి లాక్కున్నాడు.

“రాణీగారూ, నాకు తెలియదు,” అన్నాడు.

వింజామర వీచేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కోటగోడ మీద కాకి అరవబోయి మానుకుంది. మూలనున్న ముసలి పండితుడు తనకు చెవుడు ముదిరిందనుకుని పక్కవాణ్ణి గిల్లి అడిగాడు.

“ఏమిటి తెలియదు?” అంది రాణి.

“కుజుడు ఎందుకు వెనక్కి నడుస్తాడో తెలియదు. యాభై రోజులన్నది తాటాకుల్లో ఉన్న లెక్క. గానుగ తిరిగినా ఆగినా ఆయన ఆ రోజుకే తిరిగేవాడు. నలుగురిలో చిన్నబోతానని గానుగ మీదికి నెట్టాను.”

రాణి తన జుట్టు ఒకసారి తడుముకుంది.

“యాభై రోజులు ఈ తల మీద కాకులు గూడు కట్టబోయాయి సిద్ధాంతిగారూ,” అంది. “గవరమ్మ గానుగ ఎన్ని రోజులు ఆగిందో అన్ని రోజులు మీరు ఎద్దు వెనక తిరిగే దాని చెక్కపలక మీద కూర్చుని తోలండి. కూలీ అడక్కండి.” గండపెండేరం తిరిగి పెట్టెలోకి పోయింది.

మహా పండితుడు గానుగ తోలుతున్నాడని తెలిసి, చూడడానికి చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చారు. కళ్లకు గంతలు కట్టిన పుల్లన్న రోలు చుట్టూ తిరుగుతుంటే, వెనక పలక మీద సిద్ధాంతి తల వంచుకుని తిరిగేవాడు.

“కాస్త బరువుగా కూర్చోండి బాబూ. రోకలి ఆనడం లేదు,” అనేది గవరమ్మ. “ఇంత చదువు తలకెక్కినా మీకన్నా రోజూ ఆ పలక మీద బరువుకు పెట్టే మా బండరాయే నయం.”

గానుగ బయలులో ఎద్దు తిరిగే దారికి అవతల, గుండ్రంగా చాపలు పరిచి నువ్వులు ఎండబోసేవాళ్లు. గవరమ్మ వాటిని కాళ్లతో దువ్వుతూ, ఎద్దు తిరిగే దిక్కునే నెమ్మదిగా చుట్టూ నడిచేది. దూరంగా పొలాల గట్టున తాటిచెట్ల వరస ఉంది.

పదకొండో రోజున సిద్ధాంతికి తల వంచీ వంచీ మెడ నొప్పి పుట్టింది. తలెత్తి చూశాడు.

“గవరమ్మా, వెనక్కి ఎందుకు నడుస్తున్నావు?” అన్నాడు.

“నేనెందుకు నడుస్తాను బాబూ? ముందుకే పోతున్నాను.”

ఇంకో చుట్టు తిరిగింది. పలక గవరమ్మను సమీపించింది. అంతవరకూ తాటిచెట్ల ముందు నుంచి ముందుకు పోతున్న గవరమ్మ ఆగినట్టయింది. పలక ఆమెను దాటుతుంటే, ఆమె అప్పటికే దాటేసిన తాటిచెట్టు దగ్గరికే వెనక్కి జారింది. పలక దూరం పోయాక మళ్లీ ముందుకు సాగింది.

“మళ్లీ వెనక్కి వెళ్లావు.”

“ఎండ దెబ్బ తగిలిందేమో, మజ్జిగ తాగండి. నేను నెమ్మదిగా నడుస్తున్నాను, మీ ఎద్దు నన్ను దాటిపోతోంది. అంతే కదా.”

సిద్ధాంతి పలక మీద నుంచి గంతేశాడు. అరవై ఏళ్ల మనిషి, ఎద్దు మీదుగా దూకినంత పని చేశాడు. గవరమ్మను పలక మీద కూర్చోబెట్టి, తాను నువ్వుల చాపల మీద నడిచాడు.

“నేనెటు పోతున్నాను?”

“ముందుకే. ముందుకే. ఆగారు,” అంది గవరమ్మ. కాస్తాగి నవ్వడం మొదలుపెట్టింది. “అదేంటి బాబూ, మీరు వెనక్కి జారిపోతున్నారు.”

కుజుడు వెనక్కి నడిచే రోజుల్లో ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిక్కుకు వస్తాడని తాటాకుల్లో ఉన్న మాట సిద్ధాంతికి గుర్తొచ్చింది. ఇక్కడా అంతే. రోలు తన వీపు వెనక, గవరమ్మ తన ఎదురుగా ఉన్నప్పుడే ఆమె వెనక్కి జారుతోంది. అయితే రోలు సూర్యుడు. గవరమ్మ కుజుడు. తాటిచెట్లు చుక్కలు. మరి పలక?

ఆయన నేల వైపు చూశాడు.

సిద్ధాంతి కబురు పంపితే సాయంత్రానికి రాణి పల్లకీ గానుగ బయలుకు వచ్చింది. రాణి చీర చెంగు బొడ్లో దోపుకుని పలక మీద కూర్చుంది, గవరమ్మ చాపల మీద నడిచింది. పుల్లన్నకు ఆమె రాణి అని ఎవరూ చెప్పలేదు, మామూలుగానే తిప్పాడు. నాలుగు చుట్లు తిరిగాక ఆమె దిగి, కళ్లు తిరుగుతుంటే గవరమ్మ భుజం పట్టుకుని నిలబడింది.

“అయితే కుజుడు వెనక్కి నడవడం లేదు,” అంది మెల్లగా. “మనమే ఆయన్ని దాటిపోతున్నాం.”

“అవునమ్మా,” అన్నాడు సిద్ధాంతి. “ఈ భూమి కూడా సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. మనది లోపలి దారి, చురుకు నడక. ఆయనది బయటి దారి, నెమ్మది నడక. గంతలు కట్టిన పుల్లన్న తిన్నగా పోతున్నాననైనా అనుకుంటాడు. మనం అసలు కదలడమే లేదనుకుంటున్నాం.”

“మరి నా గానుగ తప్పు లేనట్టే కదా?” అంది గవరమ్మ.

“నీ గానుగే లేకపోతే ఈ సంగతి మనకెవరు చెప్పేవాళ్లు?” అంది రాణి. గవరమ్మ అమ్ముకున్న ఇత్తడి బిందె సంగతి విని, దానికి బదులు రెండు బిందెలూ, ఎద్దుకు ఏడాది గడ్డీ పంపమని అక్కడే చెప్పింది. సిద్ధాంతికి శిక్ష కూడా తీసేయబోయింది గాని, ఆయనే వద్దన్నాడు. పలక మీద నుంచి ఇంకా చూడవలసినవి ఉన్నాయట.

పల్లకీ ఎక్కబోతూ రాణి ఆగింది. “సిద్ధాంతిగారూ, భూమి ఇంత జోరుగా పరుగెడుతుంటే మన మీది ఉత్తరీయమైనా ఎగరదేం? మనం కింద ఎందుకు పడం?”

ఊరంతా ఆయన వైపు తిరిగింది. గవరమ్మ నవ్వు దాచుకోవడానికి ఎద్దు వెనక్కి వెళ్లింది.

“తెలియదమ్మా,” అన్నాడు ఉమాపతి సిద్ధాంతి. ఆయన మొహం పండగనాటి గడపలా వెలిగిపోతోంది. “రేపు పొద్దున్నే ఇక్కడికే వచ్చి ఆలోచించడం మొదలుపెడతాను.”

తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేవాడు తనకూ ఊరికీ కూడా గంతలు కడతాడు. ‘తెలియదు’ అని ఒప్పుకున్నవాడికే తెలుసుకునే దారి కనబడుతుంది.