మేడమీద చెయ్యూపే మాత

కొత్తరేవు బజారులో మందుల కొట్టుకూ సెల్‌ఫోన్ల కొట్టుకూ నడుమ ఉన్న మెట్లెక్కితే చెయ్యూపే మాత గుడి వస్తుంది. కొత్తగా వచ్చే యాత్రికులు గుడి అనగానే గోపురం కోసమో గంట కోసమో తలెత్తి వెతుకుతూ బజారంతా తిరిగి, చివరకు మందుల కొట్టువాడిని అడిగి పైకి వస్తారు. పైన విశాలమైన హాలు, నేలమీద గుండ్రంగా సన్నని పట్టాలు, వాటి మీద ఎర్రరంగు చెక్క ఇంజను, దాని వెనుక చిన్న పెట్టెలు ఉంటాయి. పట్టాలకు ఒక పక్కన తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు వెనుక మరియమాత స్వరూపం కుడిచెయ్యి ఎత్తి నిలబడి ఉంటుంది. ఇక్కడికి వచ్చినవారు ముందుగా చేతులు జోడించరు, చెయ్యి ఊపుతారు. ఈ ఆచారం ఎలా ఏర్పడిందో పెద్దల నోట విన్నది విన్నట్టు ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ రాజరత్నం స్టోర్సు అనే పెద్ద దుకాణం ఉండేది. సూది మొదలు సైకిలు దాకా ఒకే కప్పు కింద దొరికే కొట్టు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. క్రిస్మస్ నెల వచ్చిందంటే యజమాని మేడమీద పిల్లల కోసం రైలుబండి నడిపించేవాడు. దూది పరిచి మంచు అనేవారు. డిసెంబరులోనూ ఫ్యాను కింద పడుకునే ఊళ్లో మంచు ఎవరు చూశారు గనుక, అందరూ నమ్మేవారు. బండి ఆ దూదికొండలను చుట్టి, నల్లగుడ్డ కప్పిన సొరంగంలో దూరి, అవతల రంగుదీపాల వెలుగులోకి వచ్చేది.

రేవులో బస్తాలు మోసే ఇన్నయ్య కూతురు లూర్దమ్మ. ఆమెను తల్లి జ్ఞానమ్మ ఏటా ఇక్కడికి తీసుకువచ్చేది. పెద్దలను బండి ఎక్కనిచ్చేవారు కాదు, తల్లులంతా తాడు వెనుక నిలబడాలి. లూర్దమ్మకు బండి అంటే ప్రాణం, సొరంగం అంటే హడలు. చీకట్లోకి పోగానే, తాను తిరిగి వచ్చేసరికి అమ్మ అక్కడ ఉండదేమోనని భయపడేది. వెలుగులోకి రాగానే తాడు దగ్గర అమ్మ చెయ్యి ఊపుతూ కనబడేది. ప్రతి చుట్టులోనూ అదే భయం, అదే సంబరం. లోకంలో అంతకు మించిన అద్భుతం ఉంటుందని ఆ పిల్ల అనుకోలేదు.

ఒక వానాకాలం జ్ఞానమ్మ విషజ్వరంతో కన్నుమూసింది. ఆ క్రిస్మస్‌కు ఇన్నయ్యే కూతురిని తీసుకువచ్చి బండి ఎక్కించాడు. భార్య నిలబడిన చోట నిలబడడానికి మనసొప్పక మెట్ల దగ్గరకు పోయి కూర్చున్నాడు. బండి సొరంగం దాటి వచ్చింది. తాడు వెంట ఎవరెవరి తల్లులో ఉన్నారు గాని, అమ్మ నిలబడే చోటు ఖాళీగా ఉంది. లూర్దమ్మ ఏడవలేదు. బండి దిగి, తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటికి పోయింది. ఆ తరువాత ఎవరు పిలిచినా ఆ మేడ ఎక్కలేదు.

ఏళ్లు గడిచాయి. దుకాణం మూతపడింది, మేడ గోదాము అయింది. లూర్దమ్మ మేనమామ బాలస్వామి దగ్గర, క్రిస్మస్‌కు గుళ్లో కట్టే పశువుల పాకలో పెట్టే మట్టి స్వరూపాలు చేయడం నేర్చుకుంది. ఆమె చేసిన గాడిదను చూస్తే ఇప్పుడో అప్పుడో ఓండ్ర పెడుతుందేమో అనిపించేదట. మరియమాతను మాత్రం ఆమె ఎప్పుడూ మామకే వదిలేసేది. తల్లి ముఖం చేయాలంటే ఆమెకు తన తల్లి ముఖం కావాలి. అది గుర్తులేదు, ఇంట్లో ఫోటో లేదు. చీర రంగు గుర్తుంది, ఊపిన చెయ్యి గుర్తుంది, ముఖం ఒక్కటే చెరిగిపోయింది. కన్నతల్లి ముఖం మరిచిన పాపిష్టిదాన్నని ఆమె లోలోపల కుమిలిపోయేది.

ఒక ఏడాది మామ చేతులు వణకసాగాయి. ఊరి గుడికి మాత స్వరూపం చేసే పని ఆమె మీద పడింది. ఎంత చేసినా బొమ్మ ముఖమే వచ్చేది తప్ప అమ్మ ముఖం రాలేదు. చేసింది చెరిపి, చెరిపింది చేసి, విసిగి, "తల్లీ, మాయమ్మ మొహం ఒక్కసారి చూపియ్యి" అని మరియమాతకు మొక్కుకుని, మట్టిచేతులతోనే పట్టపగలు గోడకు చేరగిలి నిద్రపోయింది. కలలో ముఖం కనబడలేదు. గొంతు మాత్రం వినబడింది.

"నన్ను యాడాడో ఎతుకుతన్నావేందే. నేను తాడు కాడే ఉన్నా."

లూర్దమ్మ లేచి తిన్నగా ఇక్కడికి వచ్చింది. గోదాము కాపలాదారు మస్తాన్‌ను బండి సంగతి అడిగింది.

"ఉందమ్మా, పత్తిబేళ్ల ఎనకమాల. మోటారు ఎప్పుడో చచ్చింది" అన్నాడు మస్తాన్.

"ఒక్కసారి ఎక్కుతా బాబాయ్."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో, "ఎక్కి కూచో, నేను నెడతాలే" అన్నాడు.

మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఆమె పెట్టెలో కూర్చుంది. నల్లగుడ్డ సొరంగం లేదు గాని, పట్టాలకు అటూ ఇటూ ఎత్తుగా పేర్చిన బేళ్ల నడుమ చీకటి అలాగే ఉంది. బండి చీకటి దాటింది. తాడు ఉంది, ఎవరూ లేరు. మరో చుట్టు తిరిగింది, ఎవరూ లేరు. మస్తాన్‌కు ఆయాసం వచ్చి, "ఇక చాలా తల్లీ?" అన్నాడు. ఇంకొక్క చుట్టు అని బతిమాలింది. ఈసారి చీకట్లో ఆమెకు చిన్ననాటి భయం పట్టుకుంది. అమ్మ ఉండదేమోనని చిన్నపిల్లలా పెట్టె అంచు గట్టిగా పట్టుకుంది.

బండి వెలుగులోకి వచ్చింది. తాడు దగ్గర ఆమె ఉంది. కొంచెం ఎత్తుపళ్లు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, నవ్వితే ముడుచుకునే కళ్లు. చెయ్యి ఊపుతోంది. మాత కనబడితే ఎవరైనా చేతులు జోడిస్తారు, మోకరిల్లుతారు. లూర్దమ్మ దండం సంగతే మరిచి, పెట్టెలోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది. వచ్చినది మరియమాతో, కన్నతల్లో ఆమె ఎవరికీ తేల్చి చెప్పలేదు. మస్తాన్‌ను అడిగినవారికి, "గాలి లేదు, తాడు ఊగింది. నేను చూసింది అంతే" అని చెప్పేవాడు.

లూర్దమ్మ ఇంటికి పోయి ఆ ముఖంతోనే మాత స్వరూపం చేసింది. ఎత్తుపళ్ల మాతను, ఆ చెయ్యి ఎత్తిన తీరును చూసి ఊరి గుడి విచారణ గురువు జోజయ్య ఫాదరు నొసలు చిట్లించారు.

"ఇదేంటమ్మాయ్, దీవించాల్సిన చెయ్యి బస్సెక్కినోళ్లని సాగనంపుతున్నట్టుంది?"

"సాగనంపడం కాదు ఫాదరుగారూ. బయపడబాకు, ఈడే ఉన్నానంటంది."

ఫాదరు జరిగిన సంగతంతా అడిగి తెలుసుకున్నారు. ఆ తల్లి మేడమీద ఎక్కడ కనబడిందో స్వరూపాన్ని అక్కడే నిలబెట్టమన్నారు. రాజరత్నంగారి వారసులు గోదాము ఖాళీ చేయించి హాలును దేవుడికి ఇచ్చారు. ప్రతిష్ఠ నాడు ఇన్నయ్యను కూడా తీసుకువచ్చారు. కూతురికి కలిగిన దర్శనం సంగతి ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. స్వరూపం మీది తెర తీయగానే ఆయన, "జ్ఞానమ్మా" అన్నాడు. ఆ ముఖాన్ని ఆయనకంటే బాగా ఎరిగినవారు ఊళ్లో లేరు. హాలంతా మోకరిల్లింది. ఆయన మాత్రం నడిచి వెళ్లి, తాడు వెనుక ఆమె పక్కన నిలబడ్డాడు.

నేటికీ క్రిస్మస్ నెల మొదలు, జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా ఇక్కడ బండి నడుస్తుంది. మోటారు పెట్టరు, మనుషులే నెడతారు. పెద్దలూ ఎక్కవచ్చు, మతభేదం లేదు. పోయినవారు ఇక్కడ తిరిగి వస్తారని గుడివారు ఎవరికీ మాట ఇవ్వరు. మరిచిన ముఖం గుర్తుకు వచ్చిందని కన్నీళ్లతో చెప్పినవారు మాత్రం ఏటా ఉన్నారు. ఒంటరిగా వచ్చి బండి ఎక్కినవారిని చూస్తే, అక్కడ ఉన్నవారిలో ఎవరో ఒకరు, పేరైనా అడగకుండా, తాడు వెనక్కు వెళ్లి నిలబడతారు.